నా కొలత సైకిలా, ఇంటిల్లిపాదికీ సరిపోయే సైకిలా?

కర్నూలు నుంచి ఒక టీచరమ్మ రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 42. ఊరవతల ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతారు, రోజూ స్కూటీ మీద వెళ్లి వస్తారు. సీ క్యాంప్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటారు, లిఫ్టు లేదు. చిన్నప్పుడు ఇంట్లో సైకిల్ అన్నయ్యది. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసేటప్పుడు దాన్ని వీధిలోకి తోసుకెళ్లి, అడ్డకమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నారట. పదో తరగతి తర్వాత మళ్లీ ముట్టలేదు. ఈ మధ్య రక్తపరీక్షలో షుగర్ బార్డర్‌లో ఉందని తేలింది. డాక్టరు నడవమన్నారు. నడక కొద్ది రోజులకే విసుగొచ్చింది. అప్పుడే ఒక ఆదివారం పొద్దున జగన్నాథ గట్టు అనే కొండ వైపు దొడ్డు టైర్ల కొండ సైకిళ్ల (మౌంటెన్ బైకుల) మీద వెళ్తున్న గుంపును చూశారు. "వాళ్లలో నా వయసు ఆవిడ ఒకరున్నారు. ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు" అని రాశారు.

చీటీ పాడిన డబ్బు 30 వేలు చేతిలో ఉంది. టెన్షన్ అక్కడే మొదలైంది. ఇంటర్ చదివే అబ్బాయి (5 అడుగుల 8 అంగుళాలు) "ఎం సైజు తీసుకుంటే ఇద్దరం తొక్కొచ్చు, డ్యుయల్ సస్పెన్షన్‌ది కొందాం" అంటున్నాడు. బజార్లో షాపాయన అలాంటిదే, ముందూ వెనకా స్ప్రింగులున్నది, 21 గేర్లది, 9,500కి ఇస్తానన్నారు. స్కూల్లో పీఈటీ సారు తను లాక్‌డౌన్‌లో 32 వేలకు కొన్న 29 అంగుళాల చక్రాల సైకిల్‌ను 18 వేలకు ఇస్తానంటున్నారు. ఈవిడ స్వయంగా నెట్‌లో చూసి పెట్టుకున్నది ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న చిన్న సైజు సైకిల్, 23,500. భర్త "స్కూటీ ఉండగా సైకిల్ ఎందుకు, ట్రెడ్‌మిల్ కొందాం" అంటున్నారు. అత్తగారు "ఈ వయసులో కింద పడితే ఎవరు చూస్తారమ్మా" అంటున్నారు. చివరగా ఆవిడ ప్రశ్న ఇది. "తప్పు సైకిల్ కొని మూలన పడేస్తే ఇంట్లో జీవితాంతం వినాలి. ఏది కొంటే తప్పు కాదో చెప్పండి."

మీ ఉత్తరంలో మీ అబ్బాయి ఎత్తు రెండుసార్లు వచ్చింది. మీ ఎత్తు ఒక్కసారే, అదీ సంతకం కింద తాజా కలంలో, 5 అడుగుల 2 అంగుళాలు అని. నేను అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఈ సైకిల్‌ను మీ ఇంట్లో, స్కూల్లో ఒక్కొక్కరూ ఒక్కో కొలతతో కొలుస్తున్నారు. అబ్బాయికి అది తన కాళ్లకు సరిపోవాలి. మీవారికి ఖర్చుకు తగ్గ ఉపయోగం కనబడాలి. అత్తగారికి దెబ్బ తగలకూడదు. పీఈటీ సారుకు ఇంట్లో ఆ జాగా ఖాళీ కావాలి. ఎవరి మాటా చెడ్డది కాదు. మధ్యలో మీరు నలుగురికీ సమాధానం చెప్పగలిగే సైకిల్ కోసం వెతుకుతున్నారు. తొక్కడానికి వీలైన సైకిల్ వెతకడం, వాదనలో గెలిపించే సైకిల్ వెతకడం వేర్వేరు పనులు. రెండోదాన్ని పక్కన పెడితే మొదటిది మీరు అనుకుంటున్నంత కష్టం కాదు.

మొదటి సైకిల్‌ను వంద శాతం సరిగ్గా ఎంచుకున్నవాళ్లను నేను చూడలేదు. కొన్నాళ్లు తొక్కితేగానీ మనకు ఏం కావాలో మనకే తెలియదు. కాబట్టి తిరిగి అమ్ముకోగలిగే తప్పేది, అమ్ముకోలేని తప్పేది అన్నది చూసుకోవాలి. మీ ముందున్న నాలుగింటినీ నేను అలాగే చూస్తాను.

దానికంటే ముందు దారి సంగతి. మీరు ఎక్కడ తొక్కబోతున్నారో ఉత్తరంలో రాయలేదు, గట్టు పేరు మాత్రం రాశారు. ఆ కొండ ఎక్కడం మొదటి నెల పని కాదు. కర్నూలువాళ్లకు అంతకంటే మంచి బడి ఉంది, కేసీ కెనాల్. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా వెళ్లే ఈ కాలువను 19వ శతాబ్దంలో సేద్యానికీ, పడవల రాకపోకలకూ కలిపి తవ్వారు. కాలువలో నీళ్లు మెల్లగా పారాలంటే వాలు చాలా తక్కువ ఉండాలి. అందుకే దాని గట్టు మీద దారి కిలోమీటర్ల కొద్దీ దాదాపు చదునుగా ఉంటుంది. మట్టి, గరుసు, అక్కడక్కడా గుంతలు, ఎక్కుడు మాత్రం ఉండదు. కొండ సైకిల్ మీద చేయి కుదరడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఊరు దాటాక జనం తిరిగే భాగం చూసుకుని, తెల్లవారాకే వెళ్లండి. మొదట్లో తోడు లేకుండా వద్దు.

వాన పడిన మర్నాడు మాత్రం రేగడి దారి జోలికి పోకండి. నల్లరేగడి మట్టి టైరుకు అంటుకుని, ఫ్రేముకూ చక్రానికీ మధ్య గట్టిగా నిండిపోతుంది, చక్రం తిరగదు. ఎంత ఖరీదైన సైకిల్ అయినా మీరు దాన్ని మోసుకు రావలసిందే. ఎర్ర గరుసు నేల అయితే కాసేపట్లో ఆరుతుంది. ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా వెళ్లాలని ఎప్పుడో ఒకప్పుడు మీకు అనిపిస్తుంది. అది మంచి కోరికే, దారే మంచిది కాదు. హైవే మీద లారీల పక్కన తొక్కడం కొత్తవాళ్ల పని కాదు. కారులో సైకిల్ వేసుకెళ్లి అక్కడ దింపుకోండి. నల్లమల వైపు అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి దారులు పట్టకూడదు, అది పులుల రక్షిత ప్రాంతం.

సరే, సైజు. ఇది ఒక్కటి సరిగ్గా కుదిరితే మిగతావి సర్దుకోవచ్చు. ఇది తప్పితే మిగతావి ఎంత బాగున్నా లాభం లేదు. గోడకు వీపు ఆనించి చెప్పులు లేకుండా నిలబడండి. కాళ్ల మధ్య లావుపాటి పుస్తకాన్ని సీటులాగా పైకి నొక్కి పట్టుకోండి. పుస్తకం పైఅంచు నుంచి నేల దాకా అబ్బాయిని టేపుతో కొలవమనండి. సైకిల్ అడ్డకమ్మీకి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడినప్పుడు, కమ్మీకీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి, అంటే నేల నుంచి కమ్మీ ఎత్తు మీ కొలత కంటే అంత తక్కువ ఉండాలి. మట్టిదారిలో సైకిల్ ఉన్నట్టుండి ఆగుతుంది, కాలు కింద పెట్టే చోట గుంత ఉంటుంది. ఆ రెండంగుళాలే అప్పుడు మిమ్మల్ని కాపాడతాయి. మీ ఎత్తుకు సాధారణంగా ఎస్ సైజు, అంటే 15, 16 అంగుళాల ఫ్రేము వస్తుంది. కంపెనీని బట్టి కొలతలు కొంచెం మారతాయి కనుక ఆ మోడల్ చార్టు చూడాల్సిందే.

"ఎం తీసుకుంటే ఇద్దరం తొక్కొచ్చు" అన్న అబ్బాయి మాటలో ఒక చిన్న లెక్క తప్పింది. లెక్కల టీచరు మీరు, ఇట్టే పట్టేస్తారు. చిన్న ఫ్రేము మీద పొడుగు మనిషి సీటు పైకి లాగి కాసేపు సర్దుకోగలడు. సీటు కడ్డీ మీద ఇంతకు మించి పైకి తీయవద్దని గీత ఉంటుంది, అది దాటకపోతే చాలు. పెద్ద ఫ్రేము మీద పొట్టి మనిషి సర్దుకోవడానికి మాత్రం ఏమీ ఉండదు. సీటు ఎంత దించినా అడ్డకమ్మీ దిగదు, హ్యాండిల్ దగ్గరికి రాదు. నడుం వంచి, చేతులు చాచి, మెడ ఎత్తి తొక్కాలి. భుజాలూ మెడా నొప్పి పుడితే మీరు సైకిల్‌ను కాదు, మీ వయసును తిట్టుకుంటారు. కాబట్టి ఇద్దరూ తొక్కాలన్న కోరిక నిజమైతే, దానికీ ఎస్ సైజే దారి.

చక్రాల సంగతి దీనికి కలిసే ఉంటుంది. 29 అంగుళాల చక్రం గుంతల మీద సాఫీగా దొర్లుతుంది, అది నిజమే. 27.5 చక్రం చిన్న ఫ్రేములో బాగా ఇముడుతుంది, మలుపులో తేలిగ్గా తిరుగుతుంది. కొన్ని కంపెనీలు చిన్న సైజుల్లో 27.5 మాత్రమే ఇవ్వడానికి కారణం ఇదే. నెట్‌లో ఈ రెంటి మధ్య జరిగే గొడవ చదువుతూ కూర్చోకండి. మీకు సరిపోయిన ఫ్రేముకు ఏ చక్రం వస్తే అది తీసుకోండి.

ఇప్పుడు స్ప్రింగులు. వెనక సస్పెన్షన్ మంచిదా చెడ్డదా అంటే, మంచిదే. అది సరిగ్గా పనిచేసే సైకిళ్లు మన దగ్గర దాదాపు లక్ష రూపాయల నుంచి మొదలవుతాయి. 9,500లో ముందూ వెనకా స్ప్రింగులు, డిస్క్ బ్రేకులు, 21 గేర్లు అన్నీ ఇచ్చారంటే, ప్రతిదాంట్లోనూ కోసేశారని అర్థం. మీరు పెడల్ తొక్కిన ప్రతిసారీ వెనక స్ప్రింగు కిందికి అణుగుతుంది, మీ బలంలో కొంత అక్కడే పోతుంది. కీలు దగ్గర బుష్‌లు మన దుమ్ముకు తొందరగా అరిగి, వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. బరువు 17, 18 కిలోలు ఉంటుంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు అన్నారు కదా, ఆ ఒక్క వాక్యంతోనే ఆ సైకిల్ విషయం తేలిపోవాలి. పైగా దాన్ని మళ్లీ అమ్మబోతే పాత ఇనుము రేటు పలుకుతుంది. నేను అమ్ముకోలేని తప్పు అన్నది ఇలాంటిదే. షాపాయన మోసగాడని నా ఉద్దేశం కాదు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పదో తరగతి పిల్లలు, వాళ్లు అడిగేది చూడటానికి బైకులా ఉండటం. ఆయన వాళ్ల కోసం తెచ్చి పెట్టుకున్నాడు.

మీ అవసరానికి ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది చాలు. దీన్నే హార్డ్‌టెయిల్ అంటారు. మీ బడ్జెట్‌లో అల్యూమినియం ఫ్రేముతో ఇలాంటివి 14, 15 కిలోల్లో దొరుకుతాయి. ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకునే గొట్టాల జత, స్ప్రింగుదే అయి ఉంటుంది, గాలితో పనిచేసేది ఈ ధరలో అరుదు, ఫర్వాలేదు. తారురోడ్డు మీద స్ప్రింగును బిగించేసే లాకౌట్ ఉంటే మాత్రం ఎక్కుళ్లలో సుఖం. అసలు సస్పెన్షన్ లేని, దొడ్డు టైర్ల మామూలు సైకిల్ అయినా కెనాల్ గట్టుకు సరిపోతుంది. టైరు రెండు అంగుళాల పైన ఉండి, గాలి కొంచెం తక్కువ కొడితే సగం కుదుపు అదే మింగేస్తుంది. టైరు పక్క గోడ మీద ఎంత నుంచి ఎంత పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని అచ్చు వేసి ఉంటుంది. మీ బరువుకు 30, 35 దగ్గర మొదలుపెట్టి చూడండి. పెట్రోలు బంకులో గాలి పట్టించేటప్పుడు స్కూటీకి పట్టినట్టు వదిలేయకుండా అంకె చెప్పండి.

డబ్బు పెట్టవలసింది బ్రేకుల మీద. కొండ సైకిళ్ల కథ మొదలైందే బ్రేకుల తంటాతో. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొంతమంది పాత బరువు సైకిళ్లను కొండ పైకి చేర్చి, మట్టిదారిలో పందెం వేసుకుని దిగేవాళ్లు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. ఒక్క దిగుడుకే చక్రం మధ్య హబ్బులో గ్రీజు కాలి పొగ వచ్చేది, కిందికి చేరాక మళ్లీ గ్రీజు దట్టించుకోవాల్సి వచ్చేది. (మీ అత్తగారికి చెప్పండి, ఈ సరదా కనిపెట్టింది చిన్నపిల్లలు కాదు, మీసాలొచ్చినవాళ్లే.) ఇప్పుడు మీ బడ్జెట్‌లో రెండు రకాల డిస్క్ బ్రేకులు ఉంటాయి. కేబుల్‌తో పనిచేసేది ఒకటి, లోపల నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ఒకటి. హైడ్రాలిక్‌కు రెండు వేళ్లు చాలు, దిగుడులో చేతులు నొప్పి పుట్టవు, చిన్న చేతులవాళ్లకు చాలా తేడా తెలుస్తుంది. కానీ లోపల గాలి చేరినా నూనె కారినా బాగు చేయడం ప్రతి సైకిల్ షాపుకూ రాదు. మీ ఊళ్లో ఎవరికి వచ్చో ఆ ఆదివారం గుంపును అడిగి తెలుసుకున్నాకే తీసుకోండి. కేబుల్ డిస్క్ అయితే ఆరు పలకల అలెన్ కీ ఒకటి ఉంటే ఇంట్లోనే బిగించుకోవచ్చు. అరుగుతున్న కొద్దీ బిగిస్తూ ఉండాలి, అంతే.

ఏది కొన్నా ఒకటి చూడండి. మీ స్కూటీకి కుడిచేతిది ముందు బ్రేకు. కొన్ని సైకిళ్లకు ఎడమచేతిది ముందు బ్రేకుగా వస్తుంది. ఇన్నేళ్లుగా అలవాటైన చేయి కంగారులో ఆలోచించదు, అలవాటైనదే నొక్కుతుంది. ముందు బ్రేకు ఎడమవైపు ఉంటే షాపులోనే మార్పించి తెచ్చుకోండి.

గేర్ల గురించి ఎక్కువ రాయను. 21 అంటే ముందు పళ్ల చక్రాలు మూడు, వెనక ఏడు, వాటి గుణకారం. వాటిలో చాలా జతలు దాదాపు ఒకే ఫలితం ఇస్తాయి, కాబట్టి అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. అన్నిటికంటే తేలిక గేరు ఏదో అడగండి, అంటే ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్లు, వెనక పెద్ద చక్రానికి ఎన్ని పళ్లు అని. ముందు 24, వెనక 28 అనుకోండి, పెడల్ ఒక పూర్తి చుట్టు తిప్పితే వెనక చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. ఈ అంకె ఎంత తగ్గితే కొండ ఎక్కడం అంత తేలిక. ఈ మధ్య ముందు ఒకే చక్రం, వెనక ఎనిమిదో తొమ్మిదో ఉండేవి వస్తున్నాయి. గేర్లు మార్చడానికి ఎడమచేతికి పని ఉండదు, కొత్తవాళ్లకు తికమక తక్కువ.

ఇక మీ ముందున్న దారులు. పీఈటీ సారు సైకిల్ మంచిదే అయి ఉండొచ్చు, కానీ ఆయన ఎత్తు మీరు రాయలేదు, 29 అంగుళాల చక్రం అని మాత్రం రాశారు. ఫ్రేము మీద సీటు కింద సైజు స్టిక్కరు ఉంటుంది. అది ఎం గానీ ఎల్ గానీ అయితే 18 వేలకే కాదు, 8 వేలకిచ్చినా మీకు వద్దు. ఎస్ అయితే మాత్రం ఇది మొదట చూడవలసినది. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి, హ్యాండిల్ మెడ దగ్గర టకటకమంటే అక్కడ వదులుంది. చక్రాలు పైకెత్తి తిప్పండి, అటూ ఇటూ ఊగితే బెండు తీయించాలి. ఫోర్కు లోపలి గొట్టాల మీద గీతలున్నాయా, మెడ దగ్గర వెల్డింగు కింద సన్నటి చీలిక ఉందా చూడండి. చీలిక ఉంటే మాట్లాడకుండా వచ్చేయండి. చాలాకాలం కదలకుండా ఉన్న సైకిల్‌కు టైర్లు పగుళ్లిస్తాయి, చైను తుప్పు పడుతుంది, రెండూ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆయన చెప్పే 32 వేలు పాత పన్నుతో కలిపిన ధర, బేరం అక్కడి నుంచి మొదలవ్వకూడదు. అసలు బిల్లు కూడా తీసుకోండి, రేపు మీరు అమ్మేటప్పుడు అడుగుతారు. రోజూ ముఖాలు చూసుకునేవాళ్ల దగ్గర వద్దనడం ఇబ్బందే. "సార్, నాకు సైజు కుదరదు" అన్న మాట మీద ఎవరూ నొచ్చుకోరు. ఆయన ఆటల మాస్టారు, కొత్త సైకిల్ చూడటానికి తోడు రమ్మంటే ఇంకా సంతోషిస్తారు.

నెట్‌లో మీరు చూసుకున్న 23,500ది కాగితం మీద మీ కొలతకు దగ్గరగా ఉంది, తర్వాత అమ్మినా కొనేవాళ్లుంటారు. చిక్కల్లా అది పెట్టెలో పూర్తిగా బిగించకుండా రావడం. ఇంట్లో అబ్బాయి బిగిస్తానంటాడు. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో తిరుగుతుందని తెలియక గట్టిగా తిప్పితే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మర పోతుంది. ముందు ఫోర్కును వెనక్కి తిప్పి బిగించేవాళ్లు కూడా ఉన్నారు. డిస్క్ బ్రేకు ఎడమవైపున ఉంటే సరిగ్గా ఉన్నట్టు, కుడివైపుకు వచ్చిందంటే ఫోర్కు తిరగబడినట్టు. నాలుగు రాళ్లు ఇచ్చి తెలిసిన మెకానిక్ చేత బిగించుకోండి. ఇంకా మేలైన పని ఏమిటంటే, హైదరాబాదుకో బెంగళూరుకో ఏ పెళ్లికో వెళ్లినప్పుడు ఒక పూట పెట్టుకుని పెద్ద షాపులో ఎస్, ఎం రెండూ ఎక్కి చూడటం. అక్కడే కొనమని కాదు, మీ ఒంటికి తేడా తెలియాలి. అది తెలిశాక ఎవరి వాదనా మిమ్మల్ని కదిలించదు.

ఏదీ కొనకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది. పక్కింటివాళ్ల పిల్లల సైకిలో, తెలిసినవాళ్ల ఇంట్లో పడున్న పాత లేడీస్ సైకిలో నెలకు అరువు తెచ్చుకుని, స్టేడియం దగ్గరో కాలనీలోనో తొక్కి చూడండి. స్కూటీ నడుపుతున్నారు కనుక బ్యాలెన్స్ పోలేదు, ఒకట్రెండు పూటల్లో వచ్చేస్తుంది. నెల తర్వాత కూడా మనసు లాగుతుంటే అప్పుడు కొనండి. ఇందులో నష్టం ఏమిటంటే, సరిపడని సైకిల్ మీద మొదలుపెట్టి, అది నచ్చక, సైక్లింగే నచ్చలేదనుకునే ప్రమాదం. మీరు రాసిన తీరు చూస్తే మీకు ఈ పరీక్ష అవసరం లేదనిపిస్తుంది. మీవారికి నమ్మకం కుదరాలంటే మాత్రం పనికొస్తుంది.

ట్రెడ్‌మిల్ మాటను కొట్టిపారేయకండి. ఎండాకాలం కర్నూల్లో పొద్దున ఏడు దాటితే బయట తొక్కే పరిస్థితి ఉండదు, ఇంట్లో ఒక వసతి ఉండటం తప్పు కాదు. కానీ మీరు నడక మానేసింది విసుగుతో. అదే నడకను గోడ చూస్తూ చేయమంటే ఏమవుతుందో మీకూ తెలుసు, మూడు నెలల్లో అది చీరలు ఆరేసుకునే దండెం. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి ఐదు పొద్దుటిపూటలు అరగంట తొక్కినా అది నిండుతుంది. షుగర్ కోసం ఏవైనా మాత్రలు మొదలుపెట్టి ఉంటే, ఖాళీ కడుపుతో తొక్కవచ్చా అని మీ డాక్టరును అడిగి వెళ్లండి.

మీవారితో సైకిల్ గొప్పతనం గురించి వాదించకండి. లెక్క చెప్పండి. "నా చీటీ డబ్బు. ఆరు నెలలు చూస్తాను. పడకపోతే అమ్మేస్తాను, పోయేది ఇంత" అని ముందే ఒక అంకె చెప్పేయండి. జీవితాంతం వినాల్సి వస్తుందన్న మీ భయం, నష్టానికి హద్దు లేదనుకోవడం వల్ల పుట్టింది. హద్దు గీసి ఇస్తే ఆ మాటకు బలం తగ్గుతుంది. అలా చెప్పినా ఆయన ముఖం ముడుచుకుంటే, అప్పుడు విషయం డబ్బు కాదని, పొద్దున్నే మీరు ఒక్కరే బయటికి వెళ్లడమో, నలుగురూ చూడటమో అని తెలుస్తుంది. దాన్ని నేరుగా మాట్లాడుకోవాలి. సైకిల్ ధర తగ్గించుకున్నంత మాత్రాన అది తీరదు.

అత్తగారి భయం నిజమైన భయం. దానికి జవాబు మాటల్లో ఉండదు, హెల్మెట్‌లో ఉంటుంది. స్కూటీ హెల్మెట్ పనికిరాదు, బరువు, ఉక్క. సైకిల్ హెల్మెట్ వేరే ఉంటుంది. 30 వేలలో సైకిల్‌కు 24, 25 వేలు దాటకుండా చూసుకుని, మిగతాది హెల్మెట్‌కు, చిన్న పంపుకు, విడి ట్యూబుకు, గట్టి తాళానికి ఉంచుకోండి. కింద పార్కింగ్‌లో పెడితే స్తంభానికి కట్టేసి తాళం వేయాలి. చున్నీ వద్దు, పైజామా కాలు వదులుగా ఉంటే చైనువైపు రబ్బరు బ్యాండు వేసుకోండి. వీధి కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. ఆగి, దిగి, సైకిల్‌ను కుక్కకూ మీకూ మధ్య పెట్టుకుని నడవండి. చాలావాటికి పరుగెత్తేదాన్ని తరమడమే సరదా, ఆగితే ఆసక్తి పోతుంది.

మన దగ్గర కొత్తవాళ్లను సైకిల్ మాన్పించేది గుట్టలు కాదు, పల్లేరు కాయలూ కంప ముళ్లూ. కాలువ గట్టు పక్కన రెండూ కావలసినన్ని. ట్యూబులో పోసే సీలెంటు దొరుకుతుంది, చిన్న ముల్లు చిల్లు అదే పూడ్చుకుంటుంది, మొదటి రోజే పోయించండి. ట్యూబు వాల్వు స్కూటీకి ఉన్నలాంటి లావుపాటిదై ఉండాలి, అప్పుడే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొడతారు. సన్నటి వాల్వు ఉంటే చిన్న అడాప్టరు కొని తాళాల గుత్తికి తగిలించుకోండి. హైడ్రాలిక్ బ్రేకు అయితే, పంక్చర్‌కు చక్రం ఊడదీసి ఉన్నప్పుడు బ్రేకు లీవరు నొక్కవద్దని అక్కడున్న అందరికీ చెప్పండి. నొక్కితే డిస్కును పట్టే బ్రేకు ప్యాడ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, చక్రం మళ్లీ లోపలికి దూరదు.

మొదటి రోజుల్లో సీటు కిందికి దించుకోండి, రెండు కాళ్లూ నేలకు ఆనేలా. ధైర్యం వచ్చాక కొంచెం కొంచెం పైకి లేపండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు తిన్నగా చాచుకునేంత ఎత్తు సరైనది. దించిన సీటు మీదే నెలల తరబడి తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. కూర్చునే చోట మొదటి వారం రెండు వారాలు నొప్పి మామూలే, తిమ్మిరి మాత్రం మామూలు కాదు. తిమ్మిరెక్కితే సీటు ముందుభాగం కాస్త కిందికి వంచి చూడండి, తగ్గకపోతే సీటు మార్చండి.

కొత్త సైకిల్ అయితే నెల తిరిగేసరికి గేరు కేబుళ్లు సాగి, గేరు ఒకటి వేస్తే ఇంకొకటి పడటం, చైను చప్పుడు చేయడం మొదలవుతుంది. సైకిల్ పాడైందని కంగారు పడకండి, ఒకసారి బిగిస్తే సరిపోతుంది. మొదటి సర్వీసు ఉచితమా కాదా, దాన్ని కర్నూల్లోనే చేస్తారా అన్నది డబ్బు కట్టకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.